పొటాషియం ఛానల్ ప్రోటీన్, పొటాషియం బఫర్, ఖాళీ లేన్: కేసీఎన్ఈ1 కేస్ స్టడీ

గుంటూరులోని ఒక పరిశోధన ల్యాబ్ మానవ కేసీఎన్ఈ1 రీకాంబినెంట్ ప్రోటీన్ (జన్యువును వేరే కణంలో పెట్టి తయారుచేసినది) తెప్పించింది. గుండె, చెవి కణాల పొటాషియం ఛానల్‌కు తోడుగా ఉండే చిన్న ప్రోటీన్ ఇది. పూర్తి పొడవు ప్రోటీన్, అంటే 1 నుంచి 129వ అమైనో ఆమ్లం వరకు. ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైంది, ముందు కొసన హిస్ ట్యాగ్ (గుర్తుగా అతికించిన హిస్టిడిన్ల వరుస) ఉంది. 6 శాతం ట్రెహలోజ్ అనే చక్కెర కలిపిన ట్రిస్ బఫర్‌లో ఫ్రీజ్ డ్రై చేసిన పొడి, వయల్‌కు 50 మైక్రోగ్రాములు. హెచ్ఈకే 293 అనే మానవ కణాల్లో కేసీఎన్ఈ1 మామూలు రూపాన్ని, ఉత్పరివర్తన రూపాలను పుట్టించి వెస్టర్న్ బ్లాట్‌లో (జెల్‌లో వేరుచేసిన ప్రోటీన్‌ను పొర మీదికి మార్చి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) పోల్చడం ఆ ల్యాబ్ పని. కొన్న యాంటీబాడీ సరైనదాన్నే పట్టుకుంటోందా అని తేల్చుకోవడానికి ఈ వయల్ పాజిటివ్ కంట్రోల్, అంటే తప్పక బ్యాండ్ రావాల్సిన శాంపిల్.

జెల్ నడిపితే ఆ లేన్‌లో ఉండాల్సిన చోట, 16, 17 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర, ఏమీ లేదు. శాంపిల్ పోసే గుంట, అంటే వెల్, అడుగున నీలం మరక, దాని కింద చెదిరిన చార, రెండు పక్కల లేన్లూ వంకర. బ్లాట్ మీద వెల్ ఎత్తున నల్లటి ముద్ద, కిందంతా ఖాళీ. అనుమానం వయల్ మీదికి పోయింది. వచ్చింది మే నెలలో. గన్నవరంలో దిగిన పార్శిల్ గుంటూరు చేరేలోపు ఎండకు చెడిపోయి ఉంటుందనుకున్నారు. ఇంకో వయల్‌కు ఆర్డర్ పెట్టే దాకా వెళ్లింది వ్యవహారం.

వయల్‌లో లోపం లేదు. సరిగా ఆరబెట్టిన ప్రోటీన్, మూత బిగువుగా ఉంటే, జెల్ ప్యాకులు కరిగిపోయినా ఒకటి రెండు రోజులు తట్టుకుంటుంది. తేమ తగలని ట్రెహలోజ్ ఆ ప్రోటీన్‌ను కదలనివ్వదు. పొడి తెల్లగా, తేలిగ్గా, అడుగున బిళ్లలా ఉందంటే ఎండ దాన్ని పెద్దగా ఏమీ చేసి ఉండదనే అర్థం. బంకగా కుంగిపోయి గోడకు అంటుకుని ఉంటే అప్పుడు అనుమానించాలి. ఈ వయల్ బిళ్ల చక్కగానే ఉంది. లోపం దాన్ని కరిగించిన బఫర్‌లో ఉంది, ఆ బఫర్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ కేసులో అసలు విషయం.

ఈ ప్రోటీన్ ఏమిటి, ఇక్కడ దీని మీద పని ఎందుకు

కేసీఎన్ఈ1 చిన్నది. ట్యాగ్ లేకుండా సుమారు 14.7 కిలోడాల్టన్లు. కణత్వచాన్ని ఒకే ఒక్కసారి దాటుతుంది. ముందు కొస కణం బయట, వెనుక కొస లోపల. పొటాషియం ఛానళ్ల లెక్కలోనే చేరుస్తారు గానీ అయాన్లు పోయే రంధ్రం దీనికి లేదు. రంధ్రాన్ని కట్టేది కేసీఎన్‌క్యూ1 అనే మరో ప్రోటీన్, అది కూడా నాలుగు కలిస్తేనే. కేసీఎన్ఈ1 దాని పక్కన చేరి ఛానల్‌ను నెమ్మదిగా తెరుచుకునేలా చేస్తుంది, కరెంటును పెంచుతుంది. ప్రతి కొట్టుకోలు తర్వాత గుండె కణం విశ్రాంతి స్థితికి రావడానికి ఆ కరెంటు సాయపడుతుంది. లోపలి చెవిలోని ద్రవంలోకి పొటాషియం చేరేది కూడా ఈ జంట ద్వారానే.

కాబట్టి ఈ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటే గుండె, చెవి రెండూ దెబ్బతింటాయి. బిడ్డ పుట్టుకతోనే వినలేదు, ఈసీజీలో గుండె కణాలు విశ్రాంతికి చేరే సమయాన్ని చూపే క్యూటీ నిడివి పెరిగి ఉంటుంది, పరుగులోనో భయంలోనో స్పృహ తప్పుతుంది. 1957లో నార్వే వైద్యులు జెర్వెల్, లాంగే-నీల్సన్ వర్ణించిన సిండ్రోమ్ ఇది. ఎక్కువ కుటుంబాల్లో కారణం కేసీఎన్‌క్యూ1, కొన్నిటిలో కేసీఎన్ఈ1. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ చేరితేనే వచ్చే జబ్బు కనుక మేనరికాలున్న కుటుంబాల్లో దాని అవకాశం పెరుగుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మేనమామ, మేనబావ సంబంధాలు కొత్తవి కావు. పుట్టు చెవుడున్న పిల్లలకు ఒక్కసారైనా ఈసీజీ తీయాలని అడగడం అందుకే. ఈ జన్యువు మీద ఇక్కడి ల్యాబ్ పని చేయడం అవసరం, అందుకే దాని పాజిటివ్ కంట్రోల్ నమ్మదగినదై ఉండాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ వయల్ పరిశోధనకే. దీంతో రోగి రక్తాన్ని పరీక్షించి క్యూటీ జబ్బు ఉందో లేదో చెప్పే పద్ధతి లేదు. అది ఈసీజీ, జన్యు క్రమ పరీక్షల పని.

బఫర్ ఎక్కడి నుంచి వచ్చింది

ల్యాబ్ వయల్‌ను 100 మైక్రోలీటర్ల సొంత బఫర్‌లో కరిగించింది: ట్రిస్ 20 మిల్లీమోలార్, పొటాషియం క్లోరైడ్ 150 మిల్లీమోలార్, డోడెసిల్ మాల్టోసైడ్ అనే డిటర్జెంట్ 0.05 శాతం. ప్రోటీన్ 0.5 మిల్లీగ్రాము ప్రతి మిల్లీలీటరుకు. ఈ వంటకం కేసీఎస్ఏ అనే బ్యాక్టీరియా పొటాషియం ఛానల్ కోసం వాడే పద్ధతిలోది. 1998లో రోడరిక్ మెకినన్ బృందం నిర్మాణం తేల్చిన ప్రోటీన్ అది. ఆయనకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. కేసీఎస్ఏకు పొటాషియం నిజంగానే అవసరం. నాలుగు ఉపభాగాల నడుమ ఉన్న ఎంపిక జల్లెడలో పొటాషియం అయాన్లు కూర్చుని ఆ నిర్మాణాన్ని నిలబెడతాయి. అవి తీసేస్తే నాలుగింటి పట్టు సడలుతుంది. అందుకే రంధ్రమున్న పొటాషియం ఛానళ్లను శుద్ధి చేసేవాళ్లు బఫర్‌లో పొటాషియం క్లోరైడ్ వేస్తారు.

కేసీఎన్ఈ1కు ఆ జల్లెడే లేదు. జల్లెడ కట్టే థ్రియోనిన్, ఐసోల్యూసిన్, గ్లైసిన్, టైరోసిన్, గ్లైసిన్ వరుస కేసీఎన్‌క్యూ1లో ఉంటుంది. కేసీఎన్ఈ1 వరుసను ఈ చివర నుంచి ఆ చివర వరకు వెతికినా అది దొరకదు. పేరులో పొటాషియం ఛానల్ అని ఉంది కనుక పొటాషియం బఫర్ వేశారు, అంతే. అక్కడిదాకా హాని కూడా జరగలేదు. డోడెసిల్ మాల్టోసైడ్‌కు ఆవేశం లేదు, పొటాషియంతో దానికి పేచీ లేదు. వయల్ తేటగా కరిగింది.

పేచీ శాంపిల్ బఫర్ తగిలినప్పుడు మొదలైంది. 15 మైక్రోలీటర్ల ప్రోటీన్‌కు 5 మైక్రోలీటర్ల నాలుగింతల గాఢత లోడింగ్ డై కలిపారు. అందులో ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే డిటర్జెంట్) 8 శాతం, కలిపాక 2 శాతం. ఎస్‌డీఎస్ అణుభారం 288 కనుక 2 శాతం అంటే సుమారు 69 మిల్లీమోలార్. అదే గొట్టంలో పొటాషియం 150ను 15తో గుణించి 20తో భాగిస్తే 112 మిల్లీమోలార్. సోడియం డోడెసిల్ సల్ఫేట్ నీటిలో కరుగుతుంది, పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ గది వేడిలో దాదాపు కరగదు. డోడెసిల్ సల్ఫేట్ కంటే పొటాషియమే ఎక్కువ ఉంది కనుక ఎస్‌డీఎస్‌లో పెద్ద భాగం తెల్లటి మడ్డిగా పడిపోయింది, తనతో ప్రోటీన్‌ను కూడా లాక్కుపోయింది. ప్రోటీన్‌ను విప్పి ఆవేశం తొడగాల్సిన ఎస్‌డీఎస్ ద్రావణంలో మిగల్లేదు. జెల్‌లోకి దిగేదేమీ లేక అంతా వెల్‌లోనే ఆగింది. పక్క లేన్లు వంకర పోవడానికి కారణం కూడా ఈ ఉప్పే.

బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ డీఎన్‌ఏ తీసే మినీప్రెప్ చేసేవాళ్లందరూ ఈ మడ్డిని చూసినవాళ్లే. క్షార ద్రావణంలో ఎస్‌డీఎస్‌తో కణాలను పగలగొట్టాక పొటాషియం అసిటేట్ పోస్తే గొట్టం నిండా తెల్లగా విరుగుతుంది కదా, అదే ఇది. అక్కడ కావాలనే ప్రోటీన్లను దానితో కలిపి దించేస్తాం.

కంటికి కనబడలేదా అంటే, కనబడి మాయమైంది. ఐస్ మీద కలిపినప్పుడు గొట్టం పాలలా అయింది. డైలో నీలం ఉండటంతో లేత నీలం పాలుగా కనిపించింది. 95 డిగ్రీల బ్లాక్‌లో పెట్టగానే తేటపడింది. వేడికి పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ కరుగుతుంది. తేటగా ఉందని వెల్‌లో వేశారు. 25 డిగ్రీల రన్నింగ్ బఫర్ తగలగానే మళ్లీ గడ్డకట్టింది, ఈసారి వెల్ లోపల, ఎవరికీ కనబడకుండా.

ప్రోటీన్ ఖర్చు లేకుండా తేల్చే పరీక్ష

ఏ బఫర్‌తోనైనా జెల్ నడిపే ముందు చేయదగిన పని ఇది. మూడు గొట్టాలు తీసుకోండి. ఒకదానిలో మీ ప్రోటీన్ బఫర్ 15 మైక్రోలీటర్లు, రెండోదానిలో అదే బఫర్‌లో పొటాషియం బదులు సోడియం క్లోరైడ్ వేసినది, మూడోదానిలో ఉత్త నీళ్లు. అన్నిటిలో 5 మైక్రోలీటర్ల చొప్పున డై లేని శాంపిల్ బఫర్ కలపండి. నీలం రంగు లేకపోతే మడ్డి తేలిగ్గా కనబడుతుంది. గది వేడిలో 10 నిమిషాలు ఉంచి చూడండి, తర్వాత ఐస్ మీద పెట్టి చూడండి.

ఐస్ మీద మూడూ తెల్లబడవచ్చు. ఎస్‌డీఎస్ తనంతట తానే చలికి స్ఫటికాలు కడుతుంది. ఏసీ బాగా తగ్గించిన గదిలో 10 శాతం ఎస్‌డీఎస్ సీసా ఉదయానికి అడుగున తెల్లగా పేరుకోవడం తెలిసిందే. అందుకని ఐస్ మీది ఫలితాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. తిరిగి 25 డిగ్రీలకు తెచ్చినప్పుడు నీళ్ల గొట్టం, సోడియం గొట్టం తేటపడి మొదటిది తెల్లగానే ఉంటే కారణం పొటాషియమే. ఈ ల్యాబ్‌లో సరిగ్గా అలాగే జరిగింది. ప్రోటీన్ బొట్టు కూడా ఖర్చు కాలేదు.

లిథియం డోడెసిల్ సల్ఫేట్ ఉన్న శాంపిల్ బఫర్‌కు మారితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. అది చలి సమస్యకు మందు, పొటాషియం సమస్యకు కాదు. డోడెసిల్ సల్ఫేట్ ఏ జతతో వచ్చినా పొటాషియం కనబడితే దానితోనే కలిసి పడిపోతుంది. ఇన్‌క్లూజన్ బాడీలను (బ్యాక్టీరియాలో పేరుకునే ప్రోటీన్ ముద్దలను) 6 మోలార్ గ్వానిడిన్‌లో కరిగించేవాళ్లకూ ఇదే చిక్కు. గ్వానిడిన్ కూడా ఎస్‌డీఎస్‌ను మడ్డిగా దించుతుంది.

పొటాషియం దాగి ఉండే చోట్లు ఇంకా ఉన్నాయి. హెపెస్ బఫర్ పీహెచ్‌ను పొటాషియం హైడ్రాక్సైడ్‌తో సరిచేయడం ఒకటి. పొటాషియం ఫాస్ఫేట్ మరొకటి. సోడియం ఫాస్ఫేట్ గడ్డకట్టేటప్పుడు పీహెచ్ పడిపోతుందని దాని బదులు పొటాషియం ఫాస్ఫేట్ వాడేవాళ్లు ఉన్నారు. ఆ కారణం న్యాయమైనదే, కానీ ఎస్‌డీఎస్ జెల్ దగ్గర చిక్కు తెస్తుంది. ఫ్రీజ్ చేసే ప్రోటీన్‌కు ట్రిస్ వాడితే రెండు బాధలూ ఉండవు. మామూలు పీబీఎస్‌లో ఉండే 4, 5 మిల్లీమోలార్ పొటాషియం ఇబ్బంది పెట్టదు.

కరిగించేసిన వయల్‌ను కాపాడుకోవడం

50 మైక్రోగ్రాముల్లో మిగిలినదాన్ని పారేయనక్కరలేదని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అన్నిటికంటే సులువు పలచన చేయడం. 1 మైక్రోలీటర్ ప్రోటీన్ ద్రావణాన్ని 14 మైక్రోలీటర్ల నీటిలో వేసి, 5 మైక్రోలీటర్ల డై కలిపితే పొటాషియం 7.5 మిల్లీమోలార్‌కు దిగుతుంది, ప్రోటీన్ అర మైక్రోగ్రాము మిగులుతుంది. జెల్‌లో ప్రోటీన్‌ను చూపే కూమాసీ రంగుకు అది చాలు. వెస్టర్న్‌కు అయితే అందులో పదో వంతే ఎక్కువ. మొదటి జెల్‌లో లేన్‌కు 7.5 మైక్రోగ్రాములు వేశారు. పాజిటివ్ కంట్రోల్‌కు అంత పోయడం వృథా, పైగా పక్క లేన్లలోకి పొంగి తప్పుడు బ్యాండ్లు చూపిస్తుంది. చివరి మిశ్రమంలో పొటాషియం 10 మిల్లీమోలార్ లోపు ఉంచుకోవడం మంచిది.

ఈ పలచనను వెంటనే ఎస్‌డీఎస్‌లోకి చేస్తున్నారు కనుక ఇబ్బంది లేదు. ఎస్‌డీఎస్ లేని బఫర్‌లోకి పలచన చేసేటప్పుడు మాత్రం డిటర్జెంట్ లెక్క చూసుకోవాలి. డోడెసిల్ మాల్టోసైడ్ మైసెల్ (డిటర్జెంట్ అణువుల గుంపు) కట్టడానికి కనీసం 0.17 మిల్లీమోలార్, అంటే సుమారు 0.0087 శాతం ఉండాలి. 0.05 శాతం ఉన్న ద్రావణాన్ని డిటర్జెంట్ లేని బఫర్‌తో పదింతలు చేస్తే 0.005 శాతానికి దిగుతుంది. మైసెల్స్ చెదిరిపోతాయి, కొవ్వును ఇష్టపడే భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ప్రోటీన్ ముద్దకడుతుంది. ఎలైజా అనే యాంటీబాడీ పరీక్ష ప్లేటుకు పూత పూసేవాళ్లు తరచుగా పడే గుంత ఇదే.

రెండో మార్గం చిన్న స్పిన్ డీసాల్టింగ్ కాలమ్. ట్రిస్ 20 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 150 మిల్లీమోలార్, డోడెసిల్ మాల్టోసైడ్ 0.05 శాతం ఉన్న బఫర్‌తో కాలమ్‌ను మూడుసార్లు కడిగి, ప్రోటీన్ వేసి, 1500 జీ వద్ద 2 నిమిషాలు తిప్పితే పొటాషియం కాలమ్‌లో ఉండిపోతుంది. గ్లిసరాల్ కలిపిన ద్రావణం చిక్కగా ఉండి కాలమ్‌లో సరిగా పోదు, కాబట్టి గ్లిసరాల్ కలపకముందే ఈ పని పూర్తిచేయాలి. మెథనాల్, క్లోరోఫామ్ కలిపి ప్రోటీన్‌ను దించే పద్ధతి మామూలు ప్రోటీన్లకు బాగుంటుంది గానీ ఇలాంటి చిన్న త్వచ ప్రోటీన్లకు మొదటి ఎంపిక కాకూడదు. కొవ్వు స్వభావం బాగా ఎక్కువైతే ప్రోటీన్ మధ్య పొరలో ఆగకుండా క్లోరోఫామ్‌లోకి దిగిపోవచ్చు. ఏటీపీ సింథేజ్‌లోని సీ ఉపభాగాన్ని ఈ ద్రావకాలతోనే బయటికి లాగుతారు.

పొటాషియం తీసేశాక కూడా మిగిలిన బాధ

సోడియం బఫర్‌తో నడిపిన జెల్‌లో బ్యాండ్ వచ్చింది, కానీ పలచగా. వెల్‌లో ఇంకా మరక ఉంది. దీనికి కారణం 95 డిగ్రీల వేడి. నీటిలో కరిగే ప్రోటీన్లకు ఉడకబెట్టడం మంచిదే. త్వచాన్ని దాటే భాగమున్నవి మాత్రం ఆ వేడికి ఎస్‌డీఎస్‌లో కూడా ఒకదానితో ఒకటి పెనవేసుకుని జెల్ పైనే ఆగిపోతాయి. అన్ని త్వచ ప్రోటీన్లూ ఒకేలా ఉండవు కనుక ప్రతి కొత్త వయల్‌కు ఒక చిన్న వేడి పరీక్ష అవసరం. ఒకే శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి ఒకటి వేడి చేయకుండా, ఒకటి 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు, ఒకటి 50 వద్ద 10 నిమిషాలు, ఒకటి 95 వద్ద 5 నిమిషాలు ఉంచి పక్కపక్కన నడపాలి. ఇక్కడ 37 డిగ్రీల లేన్‌లో బ్యాండ్ గట్టిగా, వెల్ శుభ్రంగా వచ్చాయి. 95 లేన్‌లో సగం పైనే ఉండిపోయింది. శాంపిల్‌లో యూరియా వేస్తే కొన్నిటికి ఇంకా మేలు. యూరియా ఉన్నప్పుడు 37 దాటనివ్వకూడదు. దాటితే అది విరిగి లైసిన్‌లకు అతుక్కుంటుంది.

అదే జెల్‌లో 33 కిలోడాల్టన్ల దగ్గర చిన్న రెండో బ్యాండ్ కూడా కనిపించింది. కేసీఎన్ఈ1లో సిస్టీన్ ఒక్కటే, 106వ స్థానంలో. గాలి తగిలితే రెండు అణువుల సిస్టీన్‌లు జతకట్టి ద్వయం అవుతుంది. ఆ జతను విడదీయడానికి డైలో వేసే డీటీటీ పాతబడిందన్న మాట. కొత్తగా కలిపిన డీటీటీ 100 మిల్లీమోలార్ వేస్తే ఆ బ్యాండ్ పోయింది. డీటీటీ కలిపిన డైని గది వేడిలో నెలల తరబడి వాడుకోవడం ఇక్కడి ల్యాబ్‌లలో చాలా చోట్ల ఉన్న అలవాటు. చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 20లో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

జెల్ 15 శాతం గ్లైసిన్ అయినా నడుస్తుంది, 16 శాతం ట్రైసిన్ అయితే బ్యాండ్ పదునుగా వస్తుంది. బ్లాట్‌కు 0.45 కాదు, 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీవీడీఎఫ్ పొర. చిన్న ప్రోటీన్ పెద్ద రంధ్రాల పొరలోంచి దాటిపోతుంది. అనుమానముంటే వెనుక రెండో పొర పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మొదట హిస్ ట్యాగ్ యాంటీబాడీతో బ్లాట్ చేయడం మేలు. అందులో బ్యాండ్ వచ్చి కేసీఎన్ఈ1 యాంటీబాడీలో రాకపోతే తప్పు యాంటీబాడీది, ప్రోటీన్‌ది కాదు.

వయల్ తెరవడం, కొలవడం, దాచడం

విజయవాడ, గుంటూరుల్లో గాలి తేమ ఎక్కువ. ఫ్రీజర్ నుంచి తీసిన వయల్‌ను వెంటనే తెరిస్తే లోపల నీరు పట్టేస్తుంది. డెసికేటర్‌లో పెట్టి గది వేడికి వచ్చాక, ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మూతకు అంటిన పొడి అడుగుకు చేరాక తెరవాలి.

పొడిని తూచకండి. 50 మైక్రోగ్రాముల ప్రోటీన్ 100 మైక్రోలీటర్ల బఫర్‌లో ఉండగా ఆరబెట్టారనుకుంటే, అందులో ట్రెహలోజ్ 6 మిల్లీగ్రాములు, అంటే ప్రోటీన్‌కు 120 రెట్లు. కంటికి కనిపించేదంతా దాదాపు చక్కెర, ఉప్పే. బఫర్ లవణాలు పొడిలోనే ఉన్నాయి కనుక కరిగించడానికి మళ్లీ బఫర్ అక్కరలేదు. 0.05 శాతం డోడెసిల్ మాల్టోసైడ్ కలిపిన శుద్ధ జలం 100 మైక్రోలీటర్లు పోసి, 10, 15 నిమిషాలు కదపకుండా ఉంచి, పైపెట్‌తో నెమ్మదిగా కలిపితే చాలు. వర్టెక్స్ చేస్తే నురగ వస్తుంది, నురగ అంచున ప్రోటీన్ పాడవుతుంది. అంతకు ముందు వయల్‌తో వచ్చే ధ్రువపత్రంలో ఒక విషయం చూసుకోవాలి: తయారీదారు ఎస్‌డీఎస్ గానీ సార్కోసిల్ గానీ వాడారా అని. ఈ.కోలై నుంచి త్వచ ప్రోటీన్లను అలాంటి డిటర్జెంట్లతో తీయడం మామూలే. ఎస్‌డీఎస్ ఉంటే పొటాషియం బఫర్ పోసిన క్షణమే, వయల్‌లోనే, మడ్డి పడేది.

కొలత విషయం. వరుస ప్రకారం కేసీఎన్ఈ1లో ట్రిప్టోఫాన్‌లు 2, టైరోసిన్‌లు 6. 280 నానోమీటర్ల వద్ద శోషణ గుణకం 2 సార్లు 5500, 6 సార్లు 1490 కలిపి 19,940. ట్యాగ్ లేని ప్రోటీన్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటే శోషణ సుమారు 1.36 రావాలి. ట్యాగ్, లింకర్ వల్ల అణుభారం పెరుగుతుంది కాబట్టి మీ వయల్ వరుసతో లెక్క మళ్లీ వేసుకోవాలి. డోడెసిల్ మాల్టోసైడ్ 280 వద్ద కనబడదు. ట్రైటాన్ ఎక్స్-100 కనబడుతుంది, అది ఉంటే ఈ కొలత పనికిరాదు. రంగుతో ప్రోటీన్‌ను కొలిచే పద్ధతుల్లో బ్రాడ్‌ఫర్డ్‌ను డిటర్జెంట్ చెడగొడుతుంది, బీసీఏను డీటీటీ చెడగొడుతుంది. కొలిచేటప్పుడు 340 నానోమీటర్ల వద్ద కూడా చూడండి. అక్కడ సున్నాకు దగ్గరగా లేకపోతే ముద్దలున్నాయని అర్థం. 4 డిగ్రీల వద్ద 16,000 జీలో 15 నిమిషాలు తిప్పి పైతేటను మళ్లీ కొలిస్తే ఎంత ముద్దకట్టిందో లెక్క తేలుతుంది.

సమాన పరిమాణం గ్లిసరాల్ కలిపితే 50 శాతం అవుతుంది, ప్రోటీన్ 0.25కి, డిటర్జెంట్ 0.025 శాతానికి దిగుతాయి. డిటర్జెంట్ ఇంకా మైసెల్ హద్దుకు పైనే ఉంది. 10 మైక్రోలీటర్ల చొప్పున, ప్రోటీన్ తక్కువగా అంటుకునే గొట్టాల్లో పంచి, చాలాకాలానికి మైనస్ 80లో, వారంలో వాడేవి మైనస్ 20లో ఉంచాలి. మంచు దానంతటదే కరిగించుకునే ఇంటి ఫ్రిజ్ రకం ఫ్రీజర్ పనికిరాదు. దాని లోపల వేడి మాటిమాటికీ పెరిగి తగ్గుతుంది. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చే చోట ఆ తేడా ఇంకా ఎక్కువ. ఫ్రీజర్‌ను జనరేటర్ లైన్ మీద ఉంచితే తప్ప మైనస్ 20 నిల్వను నమ్ముకోవద్దు.

ఈ వయల్‌తో కాని పని

కరెంటు కొలవాలన్న ఆశ ఈ ల్యాబ్‌కూ ఉంది. ఈ ప్రోటీన్‌ను కృత్రిమ పొరలో పెట్టినా పొటాషియం కరెంటు రాదు, రంధ్రం లేదు కనుక. ఈ విషయం శాస్త్రానికి కూడా ఆలస్యంగానే తెలిసింది. 1988లో ఎలుక కిడ్నీ నుంచి ఈ జన్యువును పట్టుకుని జెనోపస్ కప్ప గుడ్లలో పెట్టినప్పుడు నెమ్మదిగా పెరిగే పొటాషియం కరెంటు వచ్చింది. ఇంత చిన్న ప్రోటీన్ ఒంటరిగా ఛానల్ ఎలా కడుతుందో అంతుపట్టలేదు. 1996లో కేసీఎన్‌క్యూ1తో దీని జంట బయటపడ్డాక తెలిసింది, ఆ గుడ్లలో కప్ప సొంత కేసీఎన్‌క్యూ1 ముందే ఉందని. కరెంటు కావాలంటే రెండు జన్యువుల సీడీఎన్‌ఏలను కణాల్లో పెట్టి ప్యాచ్ క్లాంప్ (కణత్వచం కరెంటును కొలిచే పద్ధతి) చేయాల్సిందే. రేపు కేసీఎన్‌క్యూ1 ప్రోటీన్ తెప్పిస్తే మాత్రం పొటాషియం బఫర్‌నే ఉంచాలి. జెల్‌కు తీసే భాగంలో మాత్రమే పలచన గానీ కాలమ్ గానీ వాడాలి. నాలుగు ఉపభాగాలు కలిసే ఉన్నాయా అని చూడాలంటే ఎస్‌డీఎస్ లేని బ్లూ నేటివ్ జెల్ నడపాలి.

కణాల బ్యాండ్ ఎందుకు పైన వచ్చింది

పాజిటివ్ కంట్రోల్ కుదిరాక హెచ్ఈకే కణాల శాంపిల్‌ను పక్కన నడిపితే, బ్యాండ్ రీకాంబినెంట్ కంటే పైన, ఒకటి కంటే ఎక్కువగా వచ్చింది. ఇది లోపం కాదు. కేసీఎన్ఈ1లో 5వ, 26వ స్థానాల ఆస్పరాజిన్‌లకు మానవ కణాలు చక్కెర గొలుసులు తగిలిస్తాయి. ఈ.కోలై తగిలించదు. నిర్ధారణకు పీఎన్‌జీ ఏజ్ ఎఫ్ ఎంజైమ్‌తో గొలుసులు కోసి చూడాలి. ఆ విధానంలో ముందు ఎస్‌డీఎస్‌లో 100 డిగ్రీల వేడి పెట్టమని రాసి ఉంటుంది. ఈ ప్రోటీన్‌కు ఆ మెట్టును 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలకు మార్చుకోవాలి. తర్వాత ఎన్‌పీ-40 ఒక శాతం కలపడం మరవకూడదు. లేకపోతే ఎస్‌డీఎస్ ఎంజైమ్‌నే చంపేస్తుంది. గొలుసులు పోయాక కణాల బ్యాండ్ కిందికి దిగి 15 కిలోడాల్టన్ల దగ్గరికి వస్తుంది. ట్యాగ్ లేదు కనుక రీకాంబినెంట్ కంటే కాస్త కిందే ఆగుతుంది.

ఈ ల్యాబ్‌కు ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది. అదే శాంపిల్‌ను ఎండో హెచ్ ఎంజైమ్‌తో కూడా కోయాలి. ఎండో హెచ్ కోయగలిగిందంటే ప్రోటీన్ తయారైన చోటు, అంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి, గాల్జీ మధ్య భాగం దాకా చేరలేదు. కోయలేకపోయిందంటే కనీసం గాల్జీ మధ్య భాగం దాకా, త్వచానికి వెళ్లే దారిలో, చేరింది. 76వ ఆస్పార్టిక్ ఆమ్లం ఆస్పరాజిన్‌గా మారిన రూపం లాంటి ఉత్పరివర్తనల్లో ప్రోటీన్ దారిలో ఆగిందా, చేరీ పని చేయడం లేదా అని విడదీయడానికి ఈ రెండు ఎంజైమ్‌ల లేన్లను రీకాంబినెంట్ లేన్ పక్కనే, ఒకే జెల్ మీద నడపాలి.